ముకుర్తి వనము: మన నీటికి పుట్టినిల్లు

మన తెలుగునందొక విచిత్రమైన వాడుక కలదు. యూకలిప్టసు చెట్టును మనము 'నీలగిరి చెట్టు' అందుము. జలుబు చేసిన పిల్లవాని రొమ్మునకు రాయు నూనెను 'నీలగిరి తైలము' అందుము. పేరు వినినవారెవరైనను ఆ చెట్టు నీలగిరి కొండలలో అనాదిగా పుట్టి పెరిగినదనియే తలంతురు. వాస్తవమట్లు కాదు. ఆ చెట్టు ఆస్ట్రేలియా ఖండమునకు చెందినది. 1843 ప్రాంతమున దొరలు దాని విత్తనములను తెచ్చి నీలగిరులపై నాటించిరి. పేరు మాత్రము నీలగిరులది, చెట్టు పరదేశపుది.

ఈ చిన్న సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. మన పిల్లలు విహారయాత్రకై ఉదకమండలమునకు పోవుచుందురు. అచ్చట వారు చూచునవి యేవి? యూకలిప్టసు తోపులు, పైను చెట్లు, తేయాకు తోటలు, పడవలు తిరుగు చెరువు, 1848లో నెలకొల్పబడిన వృక్షోద్యానము. ఇవి కన్నులకు చల్లగా నుండును, సందేహము లేదు. కాని వీనిలో చాలభాగము గత రెండు వందల సంవత్సరములలో మనుష్యుడు తెచ్చి పెట్టినవే. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఆ కొండలపై కాలు మోపిన తరువాత కట్టించినదే ఆ చెరువు కూడ. పిల్లలు ఇంటికి వచ్చి 'అడవిని చూచితిమి' అని చెప్పుదురు. వారు చూచినది తోట. ఆ కొండల స్వంత అడవి వేరొకటి కలదు. దాని సంగతి తల్లిదండ్రులకు తెలిసిననే గాని పిల్లలకు తెలియదు. దానికిని మన యింటి కుళాయిలోని నీటికిని గల సంబంధమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముకుర్తి యెచ్చటనున్నది?

నీలగిరి పీఠభూమికి పడమటి అంచున, కేరళ సరిహద్దును ఒరసికొని, ముకుర్తి జాతీయవనము కలదు. దాని విస్తీర్ణము 78.46 చదరపు కిలోమీటర్లు. 1982లో అది వన్యప్రాణి రక్షణాలయముగా ఏర్పడెను, 1990లో జాతీయవనమాయెను. 1986లో మన దేశమున మొట్టమొదటిదిగా ఏర్పడిన నీలగిరి జీవావరణ పరిరక్షణ ప్రాంతమునకు ఇది యొక ముఖ్యభాగము. 2012లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ పడమటి కనుమలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు, ఎన్నుకొన్న 39 స్థలములలో ముకుర్తి యొకటి.

ఈ వనములోని శిఖరములు 2,500 మీటర్లకు పైబడినవి. ముకుర్తి శిఖరము ఎత్తు 2,554 మీటర్లు. తూర్పు ప్రక్కనుండి చూచినచో మెల్లగా లేచిన గడ్డి వాలు. పడమటి ప్రక్కకు వచ్చి క్రిందికి చూచినచో నిట్టనిలువుగా తెగిన కొండచరియ. అందుచే దూరమునకు కోసిన ముక్కువలె కనబడును. లక్ష్మణుడు కోసిన శూర్పణఖ ముక్కు ఇదియేనని జనశ్రుతి. అరవమునందు 'మూక్కు' అన్నది మనకును 'ముక్కు'యే గదా! కావున ఈ పేరు మన పిల్లలకు సులభముగా గుర్తుండును.

పడమటి సముద్రము నుండి వచ్చు నైరుతి ఋతుపవనము మొట్టమొదట ఢీకొనునది ఈ గోడనే. జూను మొదలు సెప్టెంబరు వరకు మేఘములు శిఖరములను విడువవు. సమీపమునందలి అవలాంచి అనుచోట 2019 ఆగష్టు నెలలో ఒక్క దినమున 820 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. మన మైదానములలో సంవత్సరమంతయు కురియు వానకు అది దాదాపు సమానము. పడమటి అంచున ఇంత వాన కురియగా, తూర్పునకు పోవుకొలది అది తగ్గిపోవును. క్రిందనున్న కోయంబత్తూరు సీమ వాననీడలో పడిన ఎండునేల. అనగా మన సీమకు మేఘము నేరుగా ఇయ్యనిదానిని కొండ దాచి, నదుల మూలమున ఇచ్చుచున్నదన్నమాట.

సోలయు, పచ్చికయు

అడవి యనగా ఎడతెగని చెట్ల గుంపు అని మనము తలంతుము. ముకుర్తిలో అట్లుండదు. అచ్చట కొండ వీపులన్నియు గడ్డి; కొండ మడతలలో మాత్రము చిక్కని చెట్ల పొదరిండ్లు. ఆ చెట్ల గుంపును అరవమున 'సోలై' అందురు. శాస్త్రజ్ఞులును ఆ మాటనే గ్రహించి 'సోల' అనుచున్నారు. ఆకాశము నుండి చూచినచో పచ్చని తివాచీపై ముదురుపచ్చ మరకలు పడినట్లుండును.

సోలలోని చెట్లు మిక్కిలి ఎత్తైనవి కావు. గాలి తాకిడికి వంకరలు తిరిగిన మ్రాకులు, గొడుగువలె గుండ్రముగా నుండు తలలు, తోలువంటి దళసరి ఆకులు, కొమ్మలనిండ పాచి, దానిపై వేలాడు వదనికలు. మనము ఎరిగిన నేరేడు చెట్టుకు దాయాదులైన చెట్లు ఇందు పలు రకములు కలవు. లేత చిగుళ్లు ఎర్రగా నుండుటచే కొన్ని మాసములయందు సోల అంతయు కెంపు వన్నె దాల్చును.

గడ్డినేల యెట్లేర్పడినది? పూర్వము ఎవరో చెట్లు నరుకుటచే ఏర్పడినదని చాలకాలము కొందరు తలంచిరి. అది సరికాదని ఊబినేలల పొరలు తెలిపినవి. కొండల నడుమ పల్లములలో కుళ్ళిన ఆకు, గడ్డి పొరలు పొరలుగా పేరుకొని నల్లని ఊబిగా మారియున్నవి. ఆ పొరలు పాతకాలపు దస్తావేజుల వంటివి. వానిలోని కర్బనమును పరీక్షించినచో ఏ కాలమున గడ్డి మిక్కిలిగా నుండెనో, ఏ కాలమున చెట్లు మిక్కిలిగా నుండెనో తెలియును. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్, వారి సహచరులును 1993లో ప్రకటించిన పరిశోధన వలన, సుమారు 20,000 సంవత్సరముల నుండి ఇచ్చట గడ్డియు చెట్లును వాతావరణమును బట్టి హెచ్చుతగ్గులగుచు వచ్చినవని తేలినది. కావున ఆ పచ్చిక బీడు కాదు. అదియు అడవి యంతటి ప్రాచీనమైనదే.

చెట్లు గడ్డిలోనికి వ్యాపింపకపోవుటకు ముఖ్యకారణము చలి. డిసెంబరు, జనవరి మాసములలో రాత్రివేళ బయటి నేలపై నూగుమంచు గడ్డకట్టును. సోల విత్తనము అచ్చట మొలచినను, ఆ లేత మొక్క మంచునకు మాడిపోవును. గడ్డి తల మాడినను వేరు బ్రతికియుండి మరల చిగిర్చును. చెట్ల నీడలో చలి అంత తీవ్రముగా నుండదు గాన, సోల మొక్క సోలలోనే పెరుగవలెను. అందుచేతనే నరికిన సోల మరల వచ్చుట మిక్కిలి కష్టము. తల్లి నీడ తొలగిన బిడ్డవలె, ఆ మొక్కకు బయట బ్రతుకు లేదు.

నీరెట్లు నిలుచును?

ఈ కొండల క్రింద నున్నది చార్నొకైటు అను మిక్కిలి ప్రాచీనమైన కఠినశిల. నీటిని పీల్చుకొను స్వభావము దానికి తక్కువ. కావున నీటిని దాచవలసినది దాని పైనున్న మన్నే. ఇచ్చట మూడు అంగములు కలిసి పనిచేయుచున్నవి.

మొదటిది పచ్చిక. కుదురులు కుదురులుగా పెరుగు కొండగడ్డి వాన దెబ్బను తాను భరించి, పారు నీటిని అడుగడుగున అడ్డగించి, మన్నులోనికి ఇంకించును. గడ్డి తాను త్రాగు నీరు స్వల్పము. రెండవది సోల. కుళ్ళిన ఆకులతో మెత్తనైన దాని నేల తడిబట్టవలె నీటిని పట్టుకొనును. అంతేకాక, వాన లేని దినములలో సైతము పొగమంచు ఆకులకును పాచికిని తగిలి బొట్లు బొట్లుగా నేలకు రాలును. మూడవది ఊబినేల. గడ్డివాలు నుండియు సోల నుండియు దిగిన నీరు ఈ పల్లములలో చేరి, నెమ్మదిగా, ఎడతెగక, వాగులోనికి ఊరుచుండును.

మన ఇండ్లలో కుండ అడుగున చిల్లు చేసి, వత్తి పెట్టి, శివలింగముపై ధారాపాత్ర వ్రేలాడగట్టుట అందరు ఎరిగినదే. కుండెడు నీరు ఒక్కమారు కుమ్మరించినచో క్షణములో పోవును. ధారాపాత్రలో పోసినచో దినమంతయు చుక్క చుక్కగా పడుచుండును. ముకుర్తి కొండలు నాలుగు మాసముల వానను ఏడాదిపాటు విడుచు ధారాపాత్ర వంటివి.

ఆ ధారలే మన నదులు. పైకారా నది ముకుర్తి శిఖరము వద్ద పుట్టి, మోయారు అను పేర పారి, భవానీ నదిలో కలియును. భవానీ నది కూడ ఈ పడమటి కొండలలోనే పుట్టి, కేరళలోనికి దిగి, అట్టప్పాడి చుట్టి, మరల తమిళనాడునకు వచ్చును. రెండును కలియుచోట భవానీసాగరమను జలాశయము కలదు. అచ్చటి నుండి ఈరోడు ప్రాంతపు పొలములను తడిపి, భవానీ పట్టణము వద్ద కావేరిలో చేరును. దారిలో పిల్లూరు జలాశయము నుండి కోయంబత్తూరు నగరమునకు త్రాగునీరు వచ్చుచున్నది. 1932లో పైకారా నీటితో విద్యుచ్ఛక్తి పుట్టింపబడుటచేతనే కోయంబత్తూరు నూలుమిల్లులు విస్తరించినవి. ఆ మిల్లులను నమ్ముకొని, ఆ నల్లరేగడి భూములలో ప్రత్తి పండించి, ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములెన్నో మీరెరుగుదురు. మన పెద్దల బ్రతుకుతెరువు వెనుక ఆ కొండగడ్డి యున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కొండవాసులైన ప్రాణులు

ముకుర్తి వనము వరయాడు కొరకే ఏర్పడినదని చెప్పవచ్చును. 'వరై' అనగా అరవమున కొండచరియ; 'ఆడు' అనగా మేక. ఇది తమిళనాడు రాష్ట్ర జంతువు. ప్రపంచమునందు మరెచ్చటను లేక, పడమటి కనుమల దక్షిణభాగమున మాత్రమే జీవించుచున్నది. పగలు పచ్చికలో మేయును. పులి వాసన తగిలినచో నిట్టనిలువు చరియపైకి దుమికి నిలుచును. కావున దీనికి గడ్డియు చరియయు ప్రక్కప్రక్కన ఉండవలెను. గడ్డిలో చెట్లు నాటినచో దీనికి ఆహారమును లేదు, శత్రువును దూరమునుండి చూచు వీలును లేదు. ముసలి పోతుల వీపుపై జీను పరచినట్లు తెల్లని మచ్చ యేర్పడును.

1975లో ఇ. ఆర్. సి. డేవిదార్ అను ప్రకృతి పరిశోధకుడు ఈ జంతువును గూర్చి శ్రద్ధతో పరిశీలించి వ్రాసెను. ఆయన స్మారకముగా అక్టోబరు 7వ తేదీని వరయాడు దినముగా తమిళనాడు ప్రభుత్వము నిర్ణయించినది. రాష్ట్రమున 2024లో జరిగిన లెక్కలో 1,031 వరయాడులును, 2025లో జరిగిన లెక్కలో 1,303 వరయాడులును కనబడినవి. సంతోషింపదగినదే, కాని ఒక పెద్ద ఉన్నత పాఠశాలలోని పిల్లల సంఖ్యకు మించని ప్రాణికోటి అది యని మరువరాదు.

పచ్చికలోని మరియొక వింత నీలకురింజి. ఈ పొద 12 సంవత్సరములకొకమారు పూచి, విత్తనమిచ్చి, మరణించును. 2006లోను, 2018లోను కొండలు నీలివన్నె దాల్చెను. ఈ లెక్క తప్పనిచో 2030లో మరల పూయవలెను. నేడు మూడవ తరగతిలో నున్న బిడ్డ అప్పటికి ఉన్నత పాఠశాల తరగతులలో నుండును. గడ్డినేల మధ్య అక్కడక్కడ ఒంటరిగా నిలిచి ఎర్రని పూలు పూయు రోడోడెండ్రాన్ చెట్టునకు చుట్టములు హిమాలయములలో నున్నవి. చల్లని యుగములలో దూరమునకు వ్యాపించిన జాతులు, భూమి వేడెక్కిన పిదప ఈ శిఖరములపై దీవులలో చిక్కినట్లు మిగిలిపోయినవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

పరదేశపు చెట్లు

దొరల కాలమున సోలలు వంటచెరకు కొరకు నరకబడినవి. కట్టెల కొరత తీర్చుటకు యూకలిప్టసు నాటబడినది. స్వాతంత్ర్యానంతరము తోళ్ల పరిశ్రమకు కావలసిన బెరడు కొరకు నల్ల వాటిల్ అను తుమ్మజాతి చెట్టును, నార గుజ్జు కొరకు యూకలిప్టసును, పైనును గడ్డినేలలలో విస్తారముగా నాటిరి. 'వట్టి గడ్డి' అని తలచిన నేలను సార్థకము చేయుచున్నామని అప్పటివారి నమ్మకము. వారి ఉద్దేశమును తప్పు పట్టుట సులభము. కాని దేశమునకు తోలు, కాగితము, నూలు కావలసిన దినములవి. గడ్డి చేయుచున్న పనిని అప్పటికెవరును కొలిచి చూడలేదు.

తరువాత కొలిచిరి. ఉదకమండలమునందలి కేంద్ర భూ, జల సంరక్షణ పరిశోధనా కేంద్రమువారు గ్లెన్మార్గన్ అనుచోట ప్రక్కప్రక్కనున్న రెండు లోయలను ఎన్నుకొనిరి. ఒక్కొక్కటి సుమారు 32 హెక్టారులు. ఒకదానిని గడ్డిగనే విడిచి, రెండవదానిలో 1972లో సగమునకు కొంచెము మించిన భాగమున యూకలిప్టసు నాటిరి. రెంటి నుండియు వచ్చు నీటిని ఏండ్ల తరబడి కొలిచిరి. మొదటి పది సంవత్సరములలో చెట్లు నాటిన లోయనుండి నీరు 16 శాతము తగ్గినది. చెట్లు నరికిన పిదప మోడులనుండి మరల చిగిర్చిన రెండవ దఫాలో 25 శాతము తగ్గినది. అనగా 100 బిందెల నీరు రావలసినచోట మొదట 84, తరువాత 75 బిందెలు వచ్చినవి. వేసవిలో ఊరు నీటికిని ఇంచుమించు ఇదే గతి పట్టినది. ఏపుగా పెరుగు ఆ చెట్టు లోతునకు వేళ్లు దింపి, కొండ దాచిన నీటిని తానే త్రాగివేయుటయే దీనికి కారణము.

నేడు జరుగుచున్నది

1988లో వెలువడిన జాతీయ అటవీ విధానము అడవి యొక్క ప్రధాన ప్రయోజనము ప్రకృతి సమతౌల్యమేననియు, ఆదాయము దానికి లోబడినదనియు ప్రకటించెను. 2022లో తమిళనాడు ప్రభుత్వము పరదేశపు మొక్కల నిర్మూలనకై యొక విధానమును ప్రకటించినది. వాటిల్ చెట్లను తొలగించి గడ్డిని మరల పెంచు పని జరుగుచున్నది.

ఐనను ఆ పని తోచినంత తేలిక కాదు. వాటిల్ విత్తనములు నేలలో దశాబ్దముల పాటు చావక పడియుండును. చెట్టు నరికి ఎండ తగులనిచ్చినచో లక్షలుగా మొలచును. ఒక్కమారుగా నేలను బయలు చేసినచో ముండ్ల పొదలు ఆక్రమించును. మరియొక చిక్కు కలదు. కొన్నిచోట్ల వాటిల్ నీడలో నూగుమంచు పడక, సోల మొక్కలు మొలచి పెరుగుచున్నవి. అచ్చట ఒక్క దెబ్బతో నరకుట కంటె, నెమ్మదిగా పలుచ చేయుటయే మేలు. గడ్డిని కూడ నారు పోసి, కుదురు కుదురుగా చేతితో నాటవలసియున్నది. చెట్టును నాటుట పండుగవలె చేయుట మన యలవాటు. గడ్డిని నాటుటకు ఓర్పు గల కూలి చేతులు, చాల సంవత్సరములు కావలెను.

మాటయు నేలయు

ఈ పచ్చికను అనాదిగా ఎరిగినవారు తోడవారు. వారు సుమారు రెండు వేలమంది. గేదెలను మేపుకొను ఆ జనమునకు పాలశాలయే దేవాలయము. మరణించినవారి ఆత్మలును, గేదెల ఆత్మలును ముకుర్తి శిఖరము మీదుగా పరలోకమునకు పోవునని వారి విశ్వాసము. వారి పాలశాలల కప్పునకు ఊబినేలలో పెరుగు ప్రత్యేకమైన గడ్డియే కావలెను. చెట్ల తోపులు ఊబిని ఎండబెట్టినచోట ఆ గడ్డి కరవైనది. వారి భాష మన తెలుగువలెనే ద్రావిడ భాష. దానికి లిపి లేదు. ఐనను మన మాటలో 'గడ్డి' అని సరిపెట్టుకొనుదానికి వారు వేరువేరు పేర్లు పెట్టి, వేరువేరు పనులకు వాడుదురు.

అల్పసంఖ్యాకుల భాషలో పిల్లలకు చదువు చెప్పించుచున్న మనకు ఇందొక పాఠము కలదు. ఒక వస్తువునకు పేరు తెలిసినప్పుడే కన్ను దానిని గుర్తించును. పేరు తప్పినచో చూపును తప్పును. 'వట్టి గడ్డి' అను మాటయే ఆ కొండలకు గొడ్డలికంటె ఎక్కువ హాని చేసినది. అటులనే పరదేశపు చెట్టును 'నీలగిరి చెట్టు' అనుటచే మన పిల్లలు నీలగిరుల నిజమైన చెట్టును తెలిసికొనలేకున్నారు.

తల్లిదండ్రులకు మనవి

ముకుర్తి లోపలికి యథేచ్ఛగా పోవుటకు వీలులేదు. అటవీశాఖవారి అనుమతి కావలెను. అది మంచిదే. వరయాడును చూడగోరువారు కేరళలోని ఎరవికుళము జాతీయవనమునకు పోవచ్చును. ఈనిక కాలమున అదియు మూసియుందురు గాన, ముందుగా విచారించుకొనుట మేలు. ఉదకమండలమునకు పోయినప్పుడు పిల్లలకు మూడు ప్రశ్నలు వేయుడు: ఈ చెట్టు ఎచ్చటనుండి వచ్చినది? ఈ వాగులో వేసవియందు నీరు ఎందుచేత నున్నది? ఆ గడ్డి వాలుపై చెట్లు ఎందుచేత లేవు? జవాబు చెప్పకుండ కొంత తడవు వారిని ఆలోచింపనిండు. కొండపైకి ప్లాస్టికు సీసాలను కొనిపోకుడు. ఆ జిల్లాలో అవి నిషేధింపబడినవి.

ఇంటియందును ఒక పని చేయవచ్చును. మీ కుళాయి నీరు ఏ జలాశయమునుండి, ఆ జలాశయములోని నీరు ఏ నదినుండి, ఆ నది ఏ కొండనుండి వచ్చుచున్నదో బిడ్డచేత తెలుగున వ్రాయించుడు. నాలుగు వాక్యములు చాలును. ఆ నాలుగు వాక్యములు వ్రాసిన బిడ్డ పెద్దవాడై ఏ ఉద్యోగమునందున్నను, కొండగడ్డిని 'వట్టి గడ్డి' యని సంతకము చేయడని నా విశ్వాసము.